సత్ప్రసాద స్వీకారము - స్కోబీ ధర్మసంకటము

గ్రాహం గ్రీన్ 1948లో ప్రకటించిన 'ది హార్ట్ ఆఫ్ ది మాటర్' అను నవలను గూర్చి విమర్శ విస్తారముగా వెలువడినది. నాయకుడగు స్కోబీ ఆత్మహత్యకు కథోలిక సంఘ నియమముల కాఠిన్యమే హేతువని చదువరులు తరచుగా తలంతురు. ఈ అభిప్రాయము విచారణీయము. నవలలోని సంకటమంతయు సత్ప్రసాద స్వీకార విధులపై నిలిచియున్నది. అందు నియమమెంత, లోకాచారమెంత యని వేరుపరచి చూచినగాని ఆ పతనమునకు కారణము బోధపడదు. ఆ విభాగము చేయుటయే ఈ వ్యాసోద్దేశము.

తెలుగు పాఠకునకు మొదట పదమే అడ్డుపడును. తెలుగు కథోలికులు 'కమ్యూనియన్'ను దివ్యసత్ప్రసాదమందురు. ప్రసాదమనగానే గుడిలో చేయిచాచిన ప్రతివానికిని లభించునదియు, వలదన్నచో అపచారమగునదియు మన మనస్సున మెదలును. రోమను సంప్రదాయమున భావము దీనికి విపర్యస్తము. పూజలో అర్పింపబడిన రొట్టెయు ద్రాక్షారసమును క్రీస్తు శరీరరక్తములగునని వారి విశ్వాసము. కావున అయోగ్యుడై స్వీకరించుటయే అపచారము. స్వీకరింపక తన చోటనే మోకరిల్లియుండుట ఒక్కొక్కయెడ భక్తిలక్షణమే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ పదునొకండవ అధ్యాయము ఈ భావమునకు మూలము.

ఇక నియమములు. ప్రతి విశ్వాసియు ఏటికొకసారి, ఈస్టరు కాలమున, సత్ప్రసాదము స్వీకరింపవలెనని 1215లో నాలుగవ లాటెరను మహాసభ శాసించెను. ఘోరపాపము చేసితినని యెరిగినవాడు ముందుగా పాపసంకీర్తనము చేయవలెనని 1551లో ట్రెంటు మహాసభ నిర్ణయించెను. స్వీకరింపగోరువాడు అర్ధరాత్రి మొదలు మంచినీరైనను ముట్టరాదను ఉపవాసవిధియు చిరకాలముగా ఉండెను. చాలమంది ఏటికి కొలదిమార్లు మాత్రమే స్వీకరించుచుండిన కాలమున, పదవ పయస్ పోపు 1905లో తరచుగా, వీలైన ప్రతిదినమును, స్వీకరింపుడని ప్రోత్సహించెను. 1910లో సుమారు ఏడేండ్ల బాలురకును అనుమతి నిచ్చెను. ఇందు గమనింపదగిన దొకటి కలదు. ఆదివారము పూజకు వచ్చుట విధి. వచ్చిన ప్రతిమారును సత్ప్రసాదము గైకొనుట విధి కాదు.

స్కోబీ పశ్చిమాఫ్రికాలోని ఒక బ్రిటిషు వలసలో పోలీసు అధికారి. గ్రీన్ 1942-43లో సియెరా లియోను రాజధానియగు ఫ్రీటౌనులో ప్రభుత్వ గూఢచారశాఖలో పనిచేసినవాడగుటచే ఆ పరిసరములు అతనికి సుపరిచితములు. స్కోబీ వివాహము కొరకు కథోలికమతము పుచ్చుకొన్నవాడు. మరణించిన కుమార్తె మొదటి సత్ప్రసాదపు తెల్లని దుస్తులతో నున్న చిత్రము అతని యింట కలదు. నవలలో ఆ సంస్కారము మొదట కన్పట్టుట ఆ నిర్మల రూపముననే యని మరువరాదు. భార్య లూయిస్ దక్షిణాఫ్రికాకు వెళ్లిన కాలమున అతడు హెలెన్ అను యువతితో సంబంధమున చిక్కుకొనును. తిరిగివచ్చిన లూయిస్, తనతోకూడ సత్ప్రసాదము స్వీకరింప రమ్మని పిలుచును. అతని యుక్కిరిబిక్కిరి ఇచట మొదలగుచున్నది.

ఒక ఉదయమున అతడు గుండెనొప్పి నెపముగా బ్రాందీ త్రాగును. ఉపవాసవిధి నెరుగని పాఠకుడు దీనిని దౌర్బల్యముగానో, వ్యసనముగానో గ్రహించును. యథార్థమునకు ఇది మిక్కిలి తెలివైన ఉపాయము. ఉపవాసము భగ్నమైనచో ఆ దినమున స్వీకరింపనక్కరలేదు; ఎందులకని ఎవ్వరును శంకింపరు. కఠినమని తోచు ఆ నియమమే పాపికి మరుగైనది. అతని మానమును కాపాడినది. అయితే ఆ మరుగు ఒక్కపూటకే చాలినది.

పిమ్మట స్కోబీ ఫాదర్ రాంక్ కడ పాపసంకీర్తనము చేయును. హెలెనును విడుతునని మాట యీయలేక పాపవిమోచనము పొందకయే మరలివచ్చును. ఇంతవరకు నియమము చేసినది ఇంతే: నీవు ప్రస్తుతము స్వీకరింపదగవని చెప్పినది. స్వీకరింపుమని యే నియమమును అతనిని నిర్బంధింపలేదు. తన చోటనుండి కదలకున్నచో చాలును. కాని ప్రక్కన భార్య కలదు. లేవకుండుట ఆమె కన్నుల యెదుట నేరము నొప్పుకొనుటయే యగును. ఆ చూపునకు వెరచి అతడు తాను ఘోరాపచారమని నమ్మిన కార్యమునకే పూనుకొనెను. లూయిస్‌కు హెలెన్ విషయము ముందే తెలియునని నవల చివర వెల్లడియగును. ఆమె ఆహ్వానము పరీక్షయే యని చెప్పలేకున్నను, అది పరీక్షగనే పనిచేసినది. సంస్కారము సాక్ష్యముగా మారినచోటనే కథ విషాదాంతమైనది.

ఇట గట్టి యాక్షేపణ యొకటి రాగలదు. తరచుగా స్వీకరించు నలవాటు 1905 నాటి శాసనమువలననే ప్రబలెను గదా. నియమమును ఆచారమును ఇంత స్పష్టముగా విడదీయుట తగునా? ఆ శాసనమే ఆచారమునకు బీజమనుట నిజము. కాని అదియు పాపరహితస్థితిని, సదుద్దేశమును నియమముగా నుంచినది; అలవాటుచేతగాని లోకుల మెప్పునకుగాని రాదగదని స్పష్టముగా హెచ్చరించినది. స్కోబీ విషయమున ఉల్లంఘింపబడినది ఆ హెచ్చరికయే.

1948లోనే ఈ నవలను సమీక్షించిన జార్జి ఆర్వెల్, నరకమును నిజముగా నమ్మువాడు ఇట్టి కారణములకు నరకమునకు సిద్ధపడునా యని శంకించెను. స్వయముగా కథోలికుడగు ఎవెలిన్ వా, దైవప్రీతికై తన నాశనమును తాను కోరుటయను భావమును శాస్త్రదృష్టితో ఖండించెను. ఇరువురి దృష్టియు స్కోబీ తుది నిర్ణయముపై నిలిచినది. అచటికి చేర్చిన మెట్లు మాత్రము చిన్నవి: ఒక పిలుపు, ఒక గ్రుక్కెడు బ్రాందీ, ఒక చూపు. ఆర్వెల్ అడిగిన ప్రశ్నకు సమాధానము ఈ మెట్లలోనే కలదు. నరకము దూరము, భార్య ముఖము దగ్గర. దూరపుభయమును దగ్గరి సంకోచము జయించుట మానవస్వభావమునకు విరుద్ధము కాదు.

అనంతరకాలమున ఉపవాసవిధి సడలినది. నీరు ఉపవాసభంగకరము కాదని 1953లోను, ఘనాహారమునకు మూడుగంటలు చాలునని 1957లోను పన్నెండవ పయస్ పోపు అనుమతించెను. 1964లో ఆరవ పాల్ పోపు దానిని ఒక్కగంటకు తగ్గించెను. 1983 నాటి ధర్మశాస్త్రమున 919వ సూత్రము ఈ గంటనే నిలిపినది. ఘోరపాపవిషయమగు 916వ సూత్రము పూర్వనియమమునే చెప్పుచున్నది. అనగా యోగ్యతానియమము చెక్కుచెదరలేదు. దానికి చాటుగానున్న తెర తొలగినది. వరుసలోని వారందరు లేచి ముందునకు నడచు పూజలో లేవనివాడు నేడు మరింత స్పష్టముగా కన్పట్టును. విడాకులనంతరము పునర్వివాహితులైనవారి సత్ప్రసాదమును గూర్చి 2016లో ఫ్రాన్సిస్ పోపు లేఖానంతరము చెలరేగిన చర్చయందును యోగ్యత యెవరిదను ప్రశ్నయే వినబడినది. కూర్చుండిపోయినవానిని తక్కినవారెట్లు చూతురను ప్రశ్న అంతగా వినబడలేదు. గ్రీన్ నవల ఆ రెండవ ప్రశ్నను వేయుచున్నది.

కావున ఈ నవలను బోధించువారు బ్రాందీ ఘట్టమున కొంత నిలిచి, ఆనాటి ఉపవాసవిధిని విద్యార్థులకు ముందుగా తెలుపుట యావశ్యకము. సంఘమునకు నియమములన్నియు తెలియును గాని ఒక మనుష్యుని హృదయములో జరుగునది తెలియదను భావమును కథాంతమున ఫాదర్ రాంక్ లూయిస్ యెదుట వెల్లడించును. దానికి ఒక మాట చేర్చవచ్చును. ప్రక్కన మోకరిల్లినవారికిని అది తెలియదు. నియమము స్కోబీకి ఊరకుండు స్వేచ్ఛ నిచ్చినది. పొరుగువారి చూపు ఆ స్వేచ్ఛను హరించినది.