మంచం పక్కన నేర్చే చదువు

ఏ ఆసుపత్రి వార్డులోనైనా జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులు తిరగేసి చూడండి. జ్వరం అంకె మారుతుంది, నాడి మారుతుంది. శ్వాస గడిలో మాత్రం చాలాచోట్ల 20, 20, 20 అనే ఉంటుంది. న్యుమోనియాతో వచ్చిన పెద్దాయనకూ 20, హెర్నియా ఆపరేషనయిన కుర్రాడికీ 20. బీపీకి మెషిన్ ఉంది, ఆక్సిజన్ చూడటానికి వేలికి తగిలించే క్లిప్పు ఉంది. శ్వాసను మాత్రం మనిషే లెక్కపెట్టాలి. అదీ నిండా ఒక నిమిషం, రోగికి తెలియకుండా. తెలిసిందంటే ఆయన ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టుగా మణికట్టు మీద వేళ్లుంచి, చూపు ఛాతీ మీద పెట్టి లెక్కించమని నర్సింగ్ విద్యార్థులకు మొదట్లోనే నేర్పుతారు.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చిన నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరులో శ్వాస నిమిషానికి 25కు చేరితే ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా 3 పాయింట్లు పడతాయి. రోగి పరిస్థితి దిగజారబోతోందని చాలాసార్లు బీపీ కంటే ముందే ఊపిరి చెబుతుంది. లెక్కపెట్టకుండా 20 అని రాసేసిన చోట ఆ కబురు ఎవరికీ అందదు.

ఇది ఒక్క నర్సు బద్ధకం అనుకుంటే పొరపాటు. చూడటం, ఆలోచించడం, చేయడం, చేసినది ఫలించిందో లేదో మళ్లీ చూడటం అనే వరుసను మన శిక్షణ గడులు నింపే పనిగా మార్చేసింది. ఆ వరుసనే నర్సింగ్ ప్రాసెస్ అంటారు. మన నర్సింగ్ కాలేజీలన్నింటిలో అది పాఠ్యాంశమే. దాని విలువ తెలిసి నేర్పేవారు దొరకడమే కష్టంగా ఉంది.

దీని వేర్లు పాతవి. 1854లో స్కుటారీ సైనిక ఆసుపత్రికి 38 మంది నర్సులతో వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్ దీపం పట్టుకున్న దయామయిగానే మనకు గుర్తుండిపోయింది. ఆమె అంతకంటే ఎక్కువగా లెక్కలు కట్టిన మనిషి. ఎందరు చనిపోయారు, ఏ నెలలో, దేనివల్ల అని పట్టికలు వేసి, గాయాల కంటే ఆసుపత్రి మురికివల్ల వచ్చే జబ్బులే ఎక్కువ మందిని చంపుతున్నాయని ప్రభుత్వానికి చూపించింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైన ఆమె శిక్షణ పాఠశాల నర్సును సరిగ్గా గమనించే మనిషిగా తయారుచేయాలనుకుంది. ఆ గమనింపును అంచెలుగా విడదీసి నేర్పవచ్చని అమెరికాలో లిడియా హాల్ 1955లో ప్రతిపాదించింది. 1967లో హెలెన్ యూరా, మేరీ వాల్ష్ దాన్ని పాఠ్యపుస్తకంగా మలిచారు. 1973లో సెయింట్ లూయిస్‌లో జరిగిన సమావేశం నర్సింగ్ డయాగ్నసిస్‌లకు పేర్లు పెట్టే పని మొదలుపెట్టింది.

నర్సుకు వేరే డయాగ్నసిస్ ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్షవాతంతో అరవై దాటిన ఆవిడ వార్డులో చేరిందనుకుందాం. డాక్టరు కేస్ షీటులో స్ట్రోక్ అని రాస్తారు. కూతురు చెంచాతో కొబ్బరినీళ్లు పోస్తుంటే ఆవిడకు దగ్గు వస్తోంది, పెదవి చివర నుంచి నీళ్లు కారుతున్నాయి, మాట తడితడిగా వస్తోంది. నర్సు ఇవన్నీ చూసి మూడు ముక్కల్లో రాయాలి: మింగడం కష్టంగా ఉంది, పక్షవాతంతో గొంతు కండరాలు బలహీనపడటం వల్ల, నీళ్లు పోస్తే దగ్గు, పెదవి నుంచి కారడం కనిపించాయి. రాయగానే ఏం చేయాలో దానంతటదే తేలుతుంది. మింగే పరీక్ష అయ్యేదాకా నోటితో ఏదీ ఇవ్వకూడదు, డాక్టరుకు వెంటనే చెప్పాలి, తలవైపు ఎత్తి ఉంచాలి. కూతురికి ఎందుకో విడమరిచి చెప్పాలి, లేకపోతే సిస్టర్ అటు వెళ్లగానే అమ్మకు దాహమేస్తోందని ఆ అమ్మాయి మళ్లీ గ్లాసు అందుకుంటుంది. మరునాడు మళ్లీ చూడాలి. ఈ చివరి అంచెనే మన వార్డుల్లో ఎక్కువగా వదిలేస్తారు.

ఐడా జీన్ ఒర్లాండో 1961లో రాసిన పుస్తకం ఇంకో మెట్టు చేర్చింది. రోగి బయటికి అడిగేది, లోపల కావలసినది ఒకటే కాకపోవచ్చు. నర్సు తనకు తోచినది నిజమేనా అని రోగినే అడిగి తేల్చుకోవాలి. మన వార్డులకు ఇది సరిగ్గా వర్తిస్తుంది. ఊరికే ‘సిస్టర్, సిస్టర్’ అని పిలిచి, తీరా వెళితే ఏమీ లేదనే ముసలమ్మలు ప్రతి వార్డులోనూ ఉంటారు. పక్కన కొడుకో అల్లుడో అటెండెంట్‌గా కూర్చుని ఉంటాడు. బెడ్‌పాన్ కావాలని ఆ ముసలమ్మ వాళ్ల ముందు నోరు తెరిచి అడగలేదు. అడగాల్సి వస్తుందేమోనని నీళ్లు తాగడమే మానేస్తుంది. అల్లుడిని కాసేపు బయటికి పంపి, పక్కన కూర్చుని, ‘బాత్రూమ్‌కి ఇబ్బందిగా ఉందా అమ్మా?’ అని మెల్లగా అడిగిన సిస్టర్ మూత్ర ఇన్‌ఫెక్షన్‌ను రాకముందే ఆపగలదు.

పద్ధతి విలువ కంటితో చూడాలంటే బెడ్ సోర్ దగ్గరికి రావాలి. ఒకప్పుడు వీపుకు రకరకాల పూతలు పూసేవారు. స్పిరిట్, పౌడర్‌తో రుద్దడం మన దగ్గర ఇంకా పోలేదు. డోరీన్ నార్టన్ బృందం బ్రిటన్‌లో వృద్ధ రోగులపై చేసి 1962లో ప్రచురించిన అధ్యయనం ఈ పూతల మీద నమ్మకాన్ని కదిలించింది. పుండును ఆపేది ఒత్తిడి తగ్గించడం, అంటే వేళకు పక్క మార్చడం. 1987లో వచ్చిన బ్రేడెన్ స్కేలు స్పర్శ, తడి, నడక, కదలిక, ఆహారం, రాపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తుంది. మొత్తం 6 నుంచి 23 దాకా. 18 లేదా అంతకంటే తక్కువ వస్తే జాగ్రత్త మొదలుపెట్టాలి.

పిరుదుల పైభాగంలో ఎర్ర మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, అక్కడ రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనిపించదు. వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూడటం మన నర్సులకు తప్పనిసరిగా నేర్పాలి. మనిషిని పైకి జరిపేటప్పుడు ఈడ్చకుండా అడుగున వేసిన డ్రా షీటుతో ఇద్దరు ఎత్తాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. 8కి ఎడమ పక్క, 10కి వెల్లకిలా, 12కి కుడి పక్క అని ఒక కాగితం మీద తెలుగులో రాసి తలవైపు అతికిస్తే అటెండెంట్ కూడా చేయి వేస్తాడు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

రాత్రి డ్యూటీలో చేసే ఫోను సంగతికొద్దాం. ‘సార్, 12వ బెడ్ పేషెంట్‌కి బాగోలేదు, ఒకసారి రండి’ అంటే నిద్రలో ఉన్న డాక్టరుకు ఏం అర్థమవుతుంది? అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన ఎస్‌బార్ అనే పద్ధతి తర్వాత ఆసుపత్రులకు వచ్చింది: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నేనేం గమనించాను, ఏం కావాలి. ‘సార్, మేల్ మెడికల్ వార్డు సిస్టర్‌ని. 12వ బెడ్ పేషెంట్‌కి ఆయాసం పెరిగింది. నిన్న న్యుమోనియాతో అడ్మిట్ అయ్యారు, యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాయి. రెస్పిరేషన్ 28, శాచురేషన్ 88, డాక్టర్ల ఆర్డర్ ప్రకారం ఆక్సిజన్ పెట్టాం, తగ్గడం లేదు. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్.’ ఆఖరి మాటే మన నర్సులకు కష్టం. డాక్టరుకు నేను చెప్పడమేమిటని వెనకాడతారు. ఆ మాట అనడం విద్యార్థి దశలోనే సాధన చేయించాలి. ఆ 28 చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ నిమిషం లెక్కపెట్టి ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

మన కాలేజీల్లో కేర్ ప్లాన్ అంటే అట్టలు వేసిన ఫైలు. సీనియర్ ఫైలు చూసి జూనియర్ రాస్తుంది, మేడమ్ సంతకం పెడుతుంది, రోగిని ఎవరూ చూడరు. ఇదంతా కాగితాల భారమనే విమర్శ అక్కడే పుట్టింది, అందులో న్యాయం ఉంది. అనుభవజ్ఞురాలైన నర్సు అంచెలు లెక్కపెట్టుకోదు, చూడగానే పట్టేస్తుందని ప్యాట్రీషియా బెన్నర్ 1984లో రాసింది. నిజమే. అయితే ఆమె చెప్పిన ఐదు దశల్లో మొదటిది కొత్తవారిది, వారికి నియమాలే ఆధారం. మెట్లు ఎక్కించకుండా పైకి చేర్చలేం.

పద్ధతి ఎంత మంచిదైనా చేయడానికి మనుషులుండాలి. 2014లో లాన్సెట్‌లో వచ్చిన లిండా ఐకెన్ బృందం అధ్యయనం తొమ్మిది ఐరోపా దేశాల్లో 300 ఆసుపత్రులను పరిశీలించింది. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, శస్త్రచికిత్స అయిన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. బోధనాసుపత్రుల జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రిపూట ఒక్క సిస్టర్ వార్డంతా చూసుకునే చోట ఏ స్కేలూ పనిచేయదు. ప్రభుత్వాలు ఖాళీలు నింపాలి, ప్రైవేటు యాజమాన్యాలు తక్కువ జీతాలకు ట్రైనీలతో వార్డులు నడపడం మానాలి, కాలేజీలు ట్యూటర్లను వార్డుకు పంపి రోగి మంచం దగ్గరే కేర్ ప్లాన్ దిద్దించాలి.

చదువరులకూ ఒక మాట. మీవాళ్లను ఆసుపత్రిలో చేర్చిన రోజు సిస్టర్ వచ్చి ఏం తింటారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఇంట్లో ఎవరు చూసుకుంటారని వరసగా అడిగితే విసుక్కోకండి. ఓపిగ్గా జవాబు చెప్పండి. వైద్యంలో అదీ భాగమే.