బొమ్మ చాలదు: సలీం ఆలీ పక్షుల పుస్తకము

సలీం ఆలీ రచించిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1941లో ప్రచురించినది. ప్రతి పక్షికిని పరిమాణము, గుర్తులు, వ్యాప్తి, అలవాట్లు, గూడు అను వరుసలో వివరము గలదు. ఈ వరుసయే గ్రంథమునకు బలము.

మలబారు ఈల థ్రష్‌ను తీసికొందము. నీలి ఛాయగల ఈ నల్లని పక్షి తడిగల కొండ అడవులలో, సెలయేళ్ల చెంత నివసించును. మనిషి ఈలను పోలిన పాటను బట్టి దీనికి ‘ఈలవేసే బడిపిల్లవాడు’ అను ముద్దుపేరు వచ్చినది. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు వర్షము తక్కువ. అచ్చట రాతిగుట్టలు గలవు గాని తడి అడవులు లేవు. శీతకాలమున గుట్టపై వ్రాలిన నీలి పక్షి, వలస వచ్చిన నీలి రాతి థ్రష్ కావచ్చును. బొమ్మ మాత్రమే చూచిన విద్యార్థి పొరబడును. వ్యాప్తి, అలవాట్లు చదివినవాడు పొరబడడు.

లోపమును గలదు. పేరు థ్రష్ అయినను, ఈ రెండును నిజమైన థ్రష్‌లు కావనియు, ఈగపట్టు పిట్టల కుటుంబమునకు చెందినవనియు తరువాతి జన్యు పరిశోధనలు తేల్చినవి. 1941 నాటి గ్రంథమున ఇది దొరకదు. పరిశీలనకు ఈ పుస్తకమును, వర్గీకరణకు కొత్త జాబితాలను ఉపాధ్యాయులు వాడుట మేలు.