రెండు ఆదివారాల మధ్య

2023 మార్చిలో మెక్‌లారెన్ జట్టు ఫార్ములా వన్ పట్టికలో అట్టడుగున ఉంది. బహ్రెయిన్, సౌదీ రేసులు రెండూ ముగిసినా ఖాతాలో ఒక్క పాయింటూ పడలేదు. అదే ఏడాది జులై 9న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో లాండో నోరిస్ ఆ జట్టు కారును రెండో స్థానంలో నిలిపాడు. ముందున్నది మాక్స్ వెర్‌స్టాపెన్ ఒక్కడే. రెండో కారులో ఆస్కార్ పియాస్ట్రీ నాలుగోవాడిగా వచ్చాడు. ఈ నాలుగు నెలల్లో డ్రైవర్లు మారలేదు. ఇంజిన్ మెర్సిడెస్‌దే. పైగా 2022 నుంచి ఇంజిన్ల శక్తి పెంచే పనిని నిబంధనలే ఆపేశాయి. టైర్లు పది జట్లకూ పిరెల్లీ ఇచ్చేవే. మరి ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చింది?

చాలావరకు గాలి నుంచి. తిన్నని దారిలో కారు ఎంత జోరుగా పోతుందన్నది లెక్కలో ఒక భాగమే. మలుపులో ఎంత వేగం నిలుపుకుంటుందన్నదే ఎక్కువగా ల్యాప్ సమయాన్ని తేలుస్తుంది. నిలుపుకోవాలంటే టైరు నేలకు గట్టిగా అదుముకోవాలి. బరువు పెంచినా అదుముకుంటుంది కానీ ఆ బరువునంతా మలుపు తిప్పాలి, బ్రేకు వేసి ఆపాలి. గాలితో నొక్కితే ఆ బాధ లేదు. ఆ నొక్కుడునే డౌన్‌ఫోర్స్ అంటారు. 2022 నుంచి 2025 దాకా నడిచిన నిబంధనల్లో దానిలో పెద్ద వాటా కారు అడుగుభాగానిది, అంటే ఫ్లోర్‌ది. ఫ్లోర్ కింద రెండు సొరంగాల్లాంటి దారులుండేవి. కాలువ ఇరుకైన చోట నీరు వడి పుంజుకున్నట్టు, అక్కడ గాలి వేగం పెరిగి పీడనం పడిపోయేది. అది కారును నేలవైపు లాగేది.

చిక్కేమిటంటే ఆ గాలి ఫ్లోర్ దగ్గరికి రాకముందే ముందు రెక్కను తాకుతుంది, తిరిగే చక్రాలను ఒరుసుకుంటుంది, సుళ్లు తిరుగుతుంది. అందుకని ముందు రెక్కను కాస్త మార్చినా వెనక ఫ్లోర్ చేసే పని మారిపోతుంది. ఏ భాగాన్నీ విడిగా మెరుగుపరచలేరు. జట్లు ముందు రెక్క, కారు పక్కభాగమైన సైడ్‌పాడ్, ఫ్లోర్ కలిపి ఒక ప్యాకేజీగా తేవడానికి కారణం ఇదే.

ఆ ప్యాకేజీ రేసుకు చేరే దారి పొడవైనది. ఇంజినీర్లు ముందు కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కగడతారు. ఆ వడపోతలో మిగిలిన రూపాలను అసలు కారులో 60 శాతానికి మించని నమూనాకు తొడిగి విండ్ టన్నెల్‌లో పరీక్షిస్తారు. అక్కడ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. నెగ్గిన రూపాన్ని కార్బన్ ఫైబర్ పొరలతో పేర్చి, ఆటోక్లేవ్ అనే కొలిమిలో వేడితో, పీడనంతో గట్టిపరుస్తారు. మెక్‌లారెన్‌కు ఇంకో ఇబ్బంది ఉండేది. 2010 నుంచి ఆ జట్టు జర్మనీలోని కొలోన్‌లో టొయోటా వాళ్ల టన్నెల్‌ను అద్దెకు వాడుకునేది. ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో తయారైన నమూనా భాగాలు పరీక్ష కోసం దేశం దాటాలి. వోకింగ్‌లో సొంతంగా కట్టుకున్న కొత్త టన్నెల్ 2023లో గాని పనిలోకి రాలేదు.

ఎన్నిసార్లు పరీక్షించుకోవచ్చన్నదానికీ హద్దుంది. నాకు ఫార్ములా వన్‌లో బాగా నచ్చిన నిబంధన ఇదే. ఎనిమిది వారాలకు 320 టన్నెల్ రన్‌లను ప్రాతిపదికగా తీసుకుంటారు. ఛాంపియన్ జట్టుకు అందులో 70 శాతమే, అంటే 224. ఆ తర్వాత ఒక్కో స్థానానికి ఐదేసి శాతం పెరుగుతూ పదో జట్టుకు 115 శాతం, 368 దొరుకుతాయి. వెనకబడినవాడికి నేర్చుకునే అవకాశం ఎక్కువ. ఖర్చుకూ పరిమితి ఉంది. 2023లో దాని ప్రాథమిక మొత్తం 135 మిలియన్ డాలర్లు. డబ్బున్న జట్టు పది రకాల రెక్కలు చేయించి మంచిది ఏరుకునే కాలం పోయింది. ఏ ఆలోచనను వదిలేయాలో ముందే తేల్చుకోవాలి.

ఆ తేల్చుకోవడం మనుషుల పని. మెక్‌లారెన్ అధిపతి ఆండ్రియా స్టెల్లా సౌదీ రేసు ముగిసిన కొద్ది రోజులకే సాంకేతిక విభాగాన్ని తిరగరాశారు. ఒక్క టెక్నికల్ డైరెక్టర్ ఉండే చోట, ఏరోడైనమిక్స్‌కు ఒకరు, ఇంజినీరింగ్, డిజైన్‌కు ఒకరు, కారు మూల రూపకల్పనకు ఒకరు అని బాధ్యతలు పంచారు. జులైలో అందరూ చూసిన వేగానికి పునాది మార్చిలోనే పడిందని నా నమ్మకం.

కొత్త భాగాలకు అసలు పరీక్ష శుక్రవారం. ప్రాక్టీసు ఒక్కోటి గంట మాత్రమే. అదనంగా చిన్న రేసు ఉండే స్ప్రింట్ వారాంతమైతే మొత్తానికి ఒక్క గంటే. సీజన్ మధ్యలో విడిగా ట్రాక్ టెస్టులు చేసుకునే వీలు 2009 నుంచి దాదాపు లేదు. అందుకే ఆ గంటలో ప్రతి ల్యాప్‌కీ ఒక ప్రశ్న ఉంటుంది. ముందు చక్రాల వెనక జల్లెడలాంటి చట్రం బిగించిన కారు ఒక్కోసారి కనిపిస్తుంది. అందులోని సన్నని గొట్టాలు గాలి పీడనాన్ని కొలుస్తాయి. ఇంకోసారి ఫ్లో-విజ్ అనే మెరిసే పచ్చటి ద్రవం పూసి పంపుతారు. కారు తిరిగొచ్చేసరికి ఆ రంగు గాలి పోయిన దారిలో చారలు కడుతుంది. వాటిని ఫొటో తీసి టన్నెల్‌లో చూసినదానితో పోలుస్తారు.

ఈ పోలికను కోరిలేషన్ అంటారు. కంప్యూటర్, టన్నెల్, ట్రాక్ మూడూ ఒకే మాట చెబితే జట్టు ముందుకు వెళ్లగలదు. చెప్పకపోతే తర్వాత గీసే ప్రతి గీతా అనుమానమే. డ్రైవరు నాలుగో సాక్షి. మలుపు మొదట్లో కారు ముందుభాగం తిరగనంటోందా, మధ్యలో వెనకభాగం జారుతోందా అన్నది అతను చెబితేనే సెన్సర్ల అంకెలకు అర్థం వస్తుంది. 2023లో మెక్‌లారెన్ ఆస్ట్రియాకు తెచ్చిన ప్యాకేజీ నోరిస్ కారుకే అందింది. పియాస్ట్రీ పాత రూపంతోనే నడిపాడు. ఒకే ట్రాక్, ఒకే వాతావరణం, పక్కపక్కన పాతదీ కొత్తదీ. నోరిస్ నాలుగో స్థానంలో ముగించాడు. లెక్కలు నిజమేనని తేలింది.

తేలని రోజులూ ఉంటాయి. 2024 జూన్‌లో ఫెరారీ స్పెయిన్ రేసుకు కొత్త ఫ్లోర్ తెచ్చింది. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం డౌన్‌ఫోర్స్ పెరగాలి. కానీ వేగమైన మలుపుల్లో కారు నేలకేసి ఎగిరెగిరి పడసాగింది. అదురుతున్న కారును డ్రైవరు నమ్మి మలుపులోకి తోయలేడు. సిల్వర్‌స్టోన్ శుక్రవారం పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చి చూసి, ఫెరారీ పాత ఫ్లోర్‌కే తిరిగిపోయింది. ఎందరో నెలల తరబడి చేసిన పనిని అందరి ఎదుటా పక్కనపెట్టడం చిన్న విషయం కాదు. మెక్‌లారెన్ దూకుడుకన్నా ఇదే నాకు గొప్పగా తోస్తుంది. హంగరీకి సరిదిద్దిన ఫ్లోర్, మోంజాకు మరో ప్యాకేజీ వచ్చాయి. మోంజాలో ఇటలీ అభిమానుల ముందు ఫెరారీ డ్రైవర్ షార్ల్ లెక్లెర్ గెలిచాడు.

ఆస్టన్ మార్టిన్ జట్టుకు 2023లో అలా కోలుకునే దారి దొరకలేదు. మొదటి ఎనిమిది రేసుల్లో ఫెర్నాండో అలాన్సో ఆరుసార్లు పోడియం ఎక్కాడు. మిగిలిన పద్నాలుగింటిలో రెండేసార్లు. ఏడాది చివర ఆ జట్టును దాటి నాలుగో స్థానం అందుకున్నది మెక్‌లారెనే.

గాలి ఒక్కటే కాదు. పది కిలోల బరువు తేడా ల్యాప్‌కు సుమారు 0.3 సెకన్లు తింటుంది. స్ప్రింగులు, నేలకీ ఫ్లోర్‌కీ ఉన్న ఎత్తు, రెక్క కోణం ట్రాక్‌ను బట్టి మారతాయి. మొనాకోకు సరిపోయే రెక్క మోంజాలో కారును వెనక్కి లాగుతుంది. పిట్ సిబ్బంది సాధనా వేగమే. 2023 ఖతార్‌లో మెక్‌లారెన్ మెకానిక్‌లు నోరిస్ కారు నాలుగు చక్రాలనూ 1.80 సెకన్లలో మార్చారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు చూసిన హైదరాబాదీలకు ఈ వేగం వేటకు మరో రూపం తెలుసు. అక్కడ చాసిస్, టైర్లు అందరికీ ఒక్కటే. సొంతంగా తయారుచేసుకున్న మోటారు భాగాలనూ రేసు రేసుకీ మార్చే వీలు లేదు. మిగిలిన పెద్ద దారి సాఫ్ట్‌వేర్. బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి ఎంత తిరిగివ్వాలి, ఏ మలుపు దగ్గర యాక్సిలరేటర్ వదలాలి అన్న లెక్కల్లోనే వేగం దాక్కుని ఉంటుంది. ఆ రోజు జాన్ ఎరిక్ వెర్న్ తగ్గిపోతున్న ఛార్జిని పొదుపుగా వాడుకుంటూ, వెనక తరుముతున్న నిక్ కాసిడీని చివరిదాకా ఆపి గెలిచాడు.

మెక్‌లారెన్ 2024 మే నెలలో మయామీకి మరో పెద్ద ప్యాకేజీ తెచ్చింది. నోరిస్ తొలి విజయం అక్కడే. సేఫ్టీ కారు సమయానికి కలిసొచ్చిన మాట నిజం. ఆ తర్వాత వెర్‌స్టాపెన్‌కు 7.6 సెకన్లు దూరం జరిగింది మాత్రం కారు బలంతోనే. ఆగస్టులో మరికొన్ని కొత్త భాగాలతో జాండ్‌వూర్ట్‌లో ఆ దూరం 22 సెకన్లు దాటింది. సీజన్ చివర మెక్‌లారెన్ 666, ఫెరారీ 652. 1998 తర్వాత మెక్‌లారెన్‌కు దక్కిన తొలి జట్టు టైటిల్ అది. 2026కు కార్ల నిబంధనలు పూర్తిగా మారి, ఫ్లోర్ కింది సొరంగాలు పోయాయి. ఆ కొత్త కారును గీసుకోవాల్సిన 2025 పొడవునా పది జట్లలోకెల్లా తక్కువ టన్నెల్ రన్‌లు దక్కింది మెక్‌లారెన్‌కే.