హిరోషిమా శిలావాక్యంలో కర్త ఎవరు?

యుద్ధంలో అణుబాంబు వాడటం ధర్మమా అన్న చర్చ సాధారణంగా లెక్కలతో మొదలవుతుంది. జపాన్‌పై దండెత్తితే అమెరికన్ సైనికుల్లోనే హతులు, క్షతగాత్రులు కలిసి పది లక్షలు దాటేవారని, బాంబు దానిని తప్పించిందని మాజీ యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ 1947లో సమర్థించారు. 1945 చివరికి హిరోషిమాలో చనిపోయినవారు సుమారు 1,40,000 మంది అన్నది ఎదుటి లెక్క. ఈ లెక్కల మధ్య ‘చేసిందెవరు’ అన్న ప్రశ్న మరుగున పడుతుంది. దానిని బయటికి తెచ్చింది ఒక శిలావాక్యం.

హిరోషిమా మృతుల స్మారకాన్ని 1952 ఆగస్టు 6న ఆవిష్కరించారు. దాని మీది వాక్యం రాసిన ఆచార్య సైకా తదయోషి స్వయంగా బాంబు బాధితుడు. శాంతితో నిద్రించమని మృతులను కోరి, ఆ తప్పు మళ్లీ చేయబోమని మాట ఇవ్వటం దాని సారాంశం. జపనీస్ మూలంలో క్రియ సకర్మకమే; కర్త మాత్రం కనిపించదు. ఆ భాషలో క్రియకు పురుషప్రత్యయం కూడా ఉండదు.

ఆ నవంబరులో రాధాబినోద్ పాల్ దీనిని ఆక్షేపించారు. టోక్యో యుద్ధనేరాల విచారణలో నిందితులందరూ నిర్దోషులని భిన్నతీర్పు రాసిన భారతీయ న్యాయమూర్తి ఆయన. బాంబు వేసింది జపనీయులు కానప్పుడు ఈ తప్పు ఎవరిదని అడిగారు. ఆ మాట మానవులందరి తరఫున అన్నదని సైకా సమాధానం.

ఇద్దరిలోనూ కొంత సత్యముంది. అయితే పాల్ ప్రశ్న బాంబు వేసినవారి దగ్గరే ఆగిపోతుంది. యుద్ధం నడిపిన జపాన్ పాలకుల దాకా పోదు. సైకా చెప్పిన ‘అందరి’లోనూ లోటుంది. బాంబుకు బలైన కొరియన్ల స్మారకం 1970లో వెలసినా, శాంతివనం లోపలికి చేరింది 1999లోనే.

ఈ వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు ‘తప్పు జరగదు’ అంటే అకర్మకమై, చేసేవాడే మాయమవుతాడు. ‘చేయము’ అంటే ప్రత్యయమే ఉత్తమపురుష బహువచనాన్ని చెబుతుంది. సర్వనామం కూడా చేర్చితే మేమా, మనమా తేల్చుకోక తప్పదు. తమిళంలో నాంగళ్, నామ్. మరాఠీలో ఆమ్హీ, ఆపణ ఉన్నాయి. కన్నడంలో నావు ఒక్కటే.

నా మటుకు, ఆ ప్రతిజ్ఞకు ‘మనము’ తగిన కర్త. జరిగిపోయిన చర్యకు మాత్రం ఆ మాట చాలదు. బాంబు వేయించింది ట్రూమన్ ప్రభుత్వం. అక్కడ కర్తను పేరుతోనే చెప్పాలి. ఈ రెండు వాక్యాలనూ వేరువేరుగా ఉంచగలిగితేనే అణ్వస్త్రంపై ధర్మచర్చ సాధ్యం. విద్యార్థులు ఈ శిలావాక్యాన్ని తమ రెండో భాషలోకి కూడా మార్చి, కర్త ఎక్కడ నిలుస్తాడో, ఎక్కడ జారిపోతాడో పరిశీలించాలి.