రబ్బరు పనికిరాని బొమ్మ

పెన్సిల్ గీత తప్పితే చెరపడానికి రబ్బరుంది. ఇండియన్ ఇంకులో ముంచిన కుంచెకు ఆ వెసులుబాటు లేదు. అచ్చయి ఊరంతా పంచేసిన సంపాదకీయం లాంటిదే ఆ సిరా గీత. అందుకే పాత్రికేయుల బొమ్మకు రంగులకన్నా నల్ల సిరాయే నప్పుతుందంటాను.

షోయబుల్లా ఖాన్ బొమ్మనే తీసుకోండి. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని తన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో నిజాం పక్షాన పోరాడే రజాకార్లు ఆయన్ను చంపారు. రాసే చేతినీ నరికారు. అప్పటికి ముప్పయ్యేళ్లయినా నిండలేదు.

ఇలాంటి ముఖాన్ని సిరాతో వేయడంలో పనితనమంతా కుంచె తడిలో ఉంటుంది. కుంచెను గుడ్డకు అద్ది, సగం ఆరాక పక్కవాటుగా లాగితే వెంట్రుకలు విచ్చుకుని, జుట్టు దానంతటదే గరుకుగా పడుతుంది. కంటిపాపకు మాత్రం నిండు సిరా, మొనతో ఒక్క చుక్క. అందులో సూదిమొనంత తెలుపు వదలాలి, లేదంటే చూపు చచ్చిపోతుంది. చెంపను అసలు గీయకూడదు; కాగితాన్నే చెంప అనుకోవాలి. కొత్తవాళ్లు చెడగొట్టేది ఇక్కడే (నేనూ బోలెడు కాగితాలు చించాను).

చాలామంది ముఖంతో ఆపేస్తారు. షోయబుల్లా బొమ్మ వేసేవాళ్లు దయచేసి ఆ చేతిని కూడా వేయండి, కలంతో సహా.