సేంద్రియ ట్రాన్సిస్టర్లతో వాయుపరీక్ష: పొరను మరచిన అంకెలు

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములలో నివసించువారికి రాత్రివేళ గాలి మళ్ళినప్పుడు వచ్చు ఘాటు వాసనలు క్రొత్త కావు. కాని ఫిర్యాదు చేసినవాని మాట నిలువవలెనన్నచో, ఆ వాసన ఏ వాయువుదో, అది ఎంత పరిమాణములో ఉన్నదో అంకెలలో చూపవలెను. ఈ విషయమున ముక్కు నమ్మదగిన సాక్షి కాదు. హైడ్రోజన్ సల్ఫైడు పదిలక్షల పాళ్ళ గాలిలో ఒక పాలుకంటె ఎంతో తక్కువగా ఉన్నప్పుడే కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన వేయును; నూరుపాళ్ళు చేరునప్పటికి ఘ్రాణశక్తియే మొద్దుబారును. వాసన పోయినదను ధైర్యముతో కార్మికుడు మురుగుతొట్టిలోనికి దిగునది సరిగా ఆ సమయముననే కావచ్చును.

ఈ కొరత తీర్చగల చౌక పరికరముగా సేంద్రియ ట్రాన్సిస్టరును గూర్చి ఇరువది అయిదేండ్లకు పైగా విరివిగా పరిశోధనలు వెలువడుచున్నవి. ఈ ఆశ నిరాధారము కాదు. కాని ఆ వ్యాసములను వరుసగా చదివినవారికి ఒక లోపము కనబడును. ఫలానా పదార్థము ఫలానా వాయువును పసిగట్టినదని శీర్షికలోనే చాటుదురు. ఆ పదార్థమును పొరగా ఎట్లు చేసిరో రెండు వాక్యములలో ముగింతురు. వాస్తవమునకు వాయువును పసిగట్టు పని పొరది. దానిని తెలుపని అంకె సగము అంకెయే.

విద్యుత్తును ప్రసరింపజేయగల ప్లాస్టిక్కులను 1977లో కనుగొన్నందులకు హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావాలకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. 1986లో జపానులోని మిత్సుబిషి పరిశోధకులు పాలీథయొఫీనుతో ట్రాన్సిస్టరును నిర్మించిరి. ఇందులో సామాన్యముగా అడుగున గేటు అను ధ్రువము, దానిపై విద్యున్నిరోధకము, ఆపై సేంద్రియ అర్ధవాహకపు పొర ఉండును. ఈ పొరలో సోర్సు, డ్రెయిను అను రెండు ధ్రువముల నడుమ విద్యుత్తు ప్రవహించును. పాలీథయొఫీను, పెంటసీను వంటి పదార్థములలో ప్రయాణించునవి ధనావేశములు. అమోనియా అణువు తన ఎలక్ట్రాను జంటతో వానిని పట్టి నిలుపును; విద్యుత్తు తగ్గును. నైట్రోజన్ డయాక్సైడు ఎలక్ట్రానులను లాగుకొనును, విద్యుత్తు పెరుగును. సిద్ధాంతమింతే. చిక్కంతయు పొరలో ఉన్నది.

పొర మందము సామాన్యముగా కొలది పదుల నానోమీటర్లు. అందులోను విద్యుత్తు అంతటను ప్రవహింపదు. నిరోధకమునకు ఆనుకొనియున్న కొద్ది అణువరుసలలోనే అధికభాగము నడచును. వాయువు వచ్చునది మీదినుండి, పని జరుగవలసినది అడుగున. పొర మందమైనచో వాయువు అచ్చటికి చేరుట ఆలస్యమగును. చేరినది వెలికి వచ్చుట మరింత ఆలస్యము. పలుచని పొరలో రెండును త్వరగా జరుగును. మరీ పలుచనైనచో పొర తెగి దీవులుగా మిగులును. విద్యుత్తుకు దారియే ఉండదు.

ఇక రేణువుల సంగతి. శూన్యములో పదార్థమును ఆవిరిగా మార్చి పలకపై పేర్చు పద్ధతి కలదు. పలక వెచ్చగా ఉండి ఆవిరి మెల్లగా పడినచో పెద్ద స్ఫటికరేణువులు ఏర్పడును. పలక చల్లగా ఉండి ఆవిరి వేగముగా పడినచో చిన్నరేణువులు, వాని నడుమ అనేక సంధులు ఏర్పడును. పెద్దరేణువులలో ఆవేశములు వేగముగా కదలును గనుక ట్రాన్సిస్టరుగా ఆ పొర మేలైనది. కాని వాయువు చొరబడి నిలుచుటకు సంధులు అనువైన చోట్లు. ఆవిరులకు కలుగు స్పందనలో ఈ సంధుల పాత్రను సొమేయా, కాట్జ్ ప్రభృతులు 2002లో అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్ పత్రికలో నిరూపించిరి. మంచి ట్రాన్సిస్టరు మంచి వాయుసూచకము కానక్కరలేదని దీనివలన తెలిసినది. అయినను ఆవేశముల చలనశీలత ఎక్కువయని చెప్పి, దానినే సూచకమునకు యోగ్యతగా చూపు వ్యాసములు నేటికిని కలవు.

ద్రావణము నుండి పొర చేయుటలోను ఇదే కథ. పదార్థమును ద్రావణిలో కరిగించి, పలకపై వేసి, గిరగిర త్రిప్పుదురు. క్లోరోఫారము 61 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును గనుక త్వరగా ఆరిపోవును. అణువులు సర్దుకొనుటకు వ్యవధి చాలదు. 214 డిగ్రీల వద్ద మరుగు ట్రైక్లోరోబెంజీను మెల్లగా ఆరును; అణువులు వరుస తీరును. తరువాత పొరను వేడిచేయుటచే మిగిలిన ద్రావణి పోవును, అమరిక మరల మారును. అరిసెలు వండువారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. బెల్లమొకటే, పిండి ఒకటే. పాకము లేతదైనచో అరిసె నూనెలో విచ్చిపోవును, ముదిరినచో రాయియగును. బెల్లము పేరు విని అరిసె రుచి చెప్పువానిని ఎవరు నమ్ముదురు?

ఈ సాహిత్యముపై నా ఆక్షేపణలు మూడు. మొదటిది, విద్యుత్తు నూటికి ఇంత మారినదను అంకె. మొదటి ప్రవాహమే స్వల్పమైన పొరలో కొద్దిపాటి మార్పు కూడ పెద్ద శాతముగా కనబడును. మందము, రేణువుల పరిమాణము, వేడిచేసిన ఉష్ణోగ్రత తెలియక రెండు శాతములను పోల్చరాదు. రెండవది, మేలైన నమూనా నొకదానిని చూపి ఊరకుండుట. త్రిప్పిన పలకలో నడిమి పొర, అంచు పొర ఒకటి కావు. పది నమూనాలు చేసినచో ఎన్ని ఏకీభవించినవో చెప్పవలెను. మూడవది, పొడి నత్రజనిలో కొన్ని నిమిషముల పరీక్షతో తృప్తిపడుట. ఏ వాయువు సోకకున్నను, గేటుపై వోల్టేజిని అదేపనిగా ఉంచినచో ఈ ట్రాన్సిస్టర్లలో విద్యుత్తు క్రమముగా తగ్గును. అమోనియా సోకినప్పుడును తగ్గుటయే. ఈ రెంటిని వేరుచేయలేని కొలత కొలత కాదు.

కొలవవలసిన మేరయును గమనింపదగినది. 2009 నాటి జాతీయ వాయునాణ్యతా ప్రమాణములలో అమోనియాకు 24 గంటల సగటు హద్దు ఘనమీటరుకు 400 మైక్రోగ్రాములు. అనగా పదిలక్షల పాళ్ళలో సుమారు 0.6 పాలు. ఏబది పాళ్ళ వద్ద చూపిన స్పందన ఈ హద్దును గూర్చి మనకేమియు చెప్పదు. హైడ్రోజన్ సల్ఫైడు ఆ 12 కాలుష్యముల పట్టికలోనే లేదు.

మన ప్రాంతమున చిక్కు ఇంకను పెరుగును. వానకాలపు తేమ రేణుసంధులలో చేరి విద్యుత్తును మార్చును. అదియుగాక ఔషధ పరిశ్రమలలో టోలుయీను, మెథనాలు, అసిటోను వంటి ద్రావణులు వాడుకలో కలవు. అణువులను తిరిగి సర్దుటకై పొరకు ద్రావణి ఆవిరి సోకించుట ప్రయోగశాలలో తెలిసిన పద్ధతియే. ద్రావణులను మరల శుద్ధిచేయు చోటున సూచకము నుంచినచో గాలియే దానికి ఆ సంస్కారము చేయవచ్చును. ప్రయోగశాలలో ముగిసినదనుకొన్న పొర నిర్మాణము కర్మాగారపు ఆవరణలో కొనసాగునన్నమాట. మొదటి నెలలో సరిచూచిన కొలత ఆరవ నెలలో నిలుచునా అని అడుగుట అందుకే అవసరము.

అంకె బలమెట్టిదో ఈ ప్రాంతమే చూపినది. నీరు చెడినదన్న జనుల మొర 1990లోనే సుప్రీంకోర్టు చేరినది. కాని 2007లో లార్సన్ ప్రభృతులు, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిను లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించిన పిమ్మటనే లోకమంతయు ఇటు చూచినది. నమూనా ఎచ్చటిదో, పరీక్ష ఎట్టిదో తెలిపినందున ఆ అంకె నిలిచినది. గాలికిని అట్టి అంకె కావలెను.

సంగారెడ్డి చెంత కంది వద్ద ఐ.ఐ.టి. హైదరాబాదు ఉన్నది, చుట్టును కళాశాలలు కలవు. సూచకములపై పనిచేయు యువకులు తమ పొరలను ఒక వర్షర్తువంతయు పాశమైలారపు గాలిలో, ప్రామాణిక పరికరము ప్రక్కన ఉంచి కొలువవలెను. చెడిపోయినవానితో సహా ఫలితములను ప్రకటింపవలెను. చౌక పరికరము తప్పుడు ధైర్యమిచ్చినచో, అది మొద్దుబారిన ముక్కుకంటె మేలైనది కాదు.