సైనిక పాఠశాలల గణిత పాఠ్యక్రమం: వడపోతకా, వివేచనకా?

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాల విద్యార్థులు సైనిక పాఠశాలలో ప్రవేశించినప్పటి నుంచి జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాసేవరకు చదివే గణితాన్ని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ప్రవేశ పరీక్ష, సీబీఎస్‌ఈ పాఠ్యక్రమం, ఎన్‌డీఏ గణిత పత్రం అనే మూడింటి మధ్య ఉన్న పొంతననూ, ఎడాన్నీ అంచనా వేస్తుంది. గణితం అభ్యర్థులను ఏరివేసే సాధనంగా స్థిరపడటం వల్ల నిర్ణయ వివేచనకు ఆధారం కావలసిన దాని గుణం మరుగున పడుతోందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సైనిక పాఠశాల, గణిత బోధన, ఎన్‌డీఏ, బోధనా మాధ్యమం, సంభావ్యత, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ గచ్చిబౌలి ప్రాంతంలో ఐటీ ఉద్యోగులు నిత్యం ప్రయాణించే ఒక రహదారికి ఆచార్య సి.ఆర్. రావు పేరు ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల పరిశోధన సంస్థ ఒకటి ఆయన పేరుతోనే పనిచేస్తోంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన రావు (1920–2023) సైనిక సర్వే విభాగంలో గణితజ్ఞుని ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం దక్కలేదు. అక్కడే భారతీయ సాంఖ్యక సంస్థ గురించి తెలుసుకొని 1941లో అందులో చేరారు. 1945లో ఆయన ప్రచురించిన పత్రం నుంచే క్రామర్–రావు అసమానత లోకానికి తెలిసింది. ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో ఆ అసమానత హద్దు గీస్తుంది.

సైన్యానికీ గణితానికీ ఉన్న సంబంధం గురించి ఆలోచించేవారికి ఈ ఉదంతం ఒక ప్రశ్నను మిగులుస్తుంది. అసంపూర్ణ సమాచారం నుంచి ఎంతవరకు నమ్మదగిన నిర్ణయానికి రాగలమన్నది రావు గణితంలోని కేంద్ర సమస్య. సైనికాధికారి నిత్యం ఎదుర్కొనే సమస్య కూడా అదే. అధికారులను తయారుచేయడానికి ఏర్పడిన పాఠశాలల గణితంలో ఈ సమస్యకు చోటు ఎంత?

2. పాఠశాలలు, ప్రవేశద్వారం

రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ చొరవతో 1961లో సైనిక పాఠశాలల పథకం మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి పాఠశాల 1962 జనవరి 18న విజయనగరం సమీపంలోని కోరుకొండలో ఏర్పడింది. చిత్తూరు ప్రాంతంలోని కలికిరిలో 2014లో మరొకటి వచ్చింది. ఇవి సీబీఎస్‌ఈకి అనుబంధమైనవి. బోధన ఆంగ్లంలో సాగుతుంది. విద్యార్థులను ఎన్‌డీఏకు సిద్ధం చేయడం వీటి ప్రకటిత లక్ష్యం.

ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో మొత్తం 300 మార్కులకుగాను గణితానికి 150, తొమ్మిదో తరగతి ప్రవేశంలో 400కు 200 మార్కులు కేటాయించారు. రెండు చోట్లా సగం బరువు గణితానిదే. ఆరో తరగతి ప్రశ్నల పరిధిలో గసాభా, కసాగు, నిష్పత్తి, శాతం, లాభనష్టాలు, బారువడ్డీ, సగటు, వేగం–కాలం, వైశాల్యం వంటి అంశాలుంటాయి. 

ఆరో తరగతి పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. తొమ్మిదో తరగతి పరీక్ష మాత్రం ఆంగ్లంలోనే ఉంటుంది. తెలుగులో గణితం చేసి ప్రవేశం పొందిన విద్యార్థి తొలి రోజు నుంచే అదే గణితాన్ని మరో భాషలో వినవలసి వస్తుంది. 'గసాభా' అనే మాటలోనే దాని నిర్వచనం దాగి ఉంది: గరిష్ఠ సామాన్య భాజకం. ఆ మూడు పదాల అర్థం తెలిసినవాడికి భావన సగం తెలిసినట్టే. దాని స్థానంలో ఆంగ్ల సంక్షిప్తరూపం వచ్చినప్పుడు భావన నిలిచి, పేరు మాత్రమే మారిందని పాఠ్యక్రమం భావిస్తుంది. పదేళ్ల పిల్లవాడి విషయంలో ఈ భావన సరైనదని చెప్పలేము. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథాన్ని పావులూరి మల్లన తెనిగించిన కాలం నుంచి తెలుగు అకాడమీ పరిభాష వరకు తెలుగులో గణితానికి పదసంపద పెరుగుతూనే వచ్చింది. ప్రవేశ పరీక్ష గౌరవించిన ఆ సంపదను తరగతి గది వాకిట్లోనే వదిలించడం విద్యార్థికి నష్టం.

3. రెండు పాఠ్యక్రమాల మధ్య ఎడం

ఎన్‌డీఏ రాతపరీక్షలో గణిత పత్రానికి 300 మార్కులు, సాధారణ సామర్థ్య పరీక్షకు 600 మార్కులు. సమితులు, సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, త్రికోణమితి, వైశ్లేషిక రేఖాగణితం, అవకలన సమాకలనాలు, సదిశలు, సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత దీని పరిధిలోకి వస్తాయి. పైకి ఇది ఇంటర్మీడియట్ గణితమే.

అయితే హరాత్మక శ్రేఢి, ద్విసంఖ్యామానం, సహసంబంధం–ప్రతిగమనం, ద్విపద విభాజనం ఎన్‌డీఏ పరిధిలో ఉన్నా, ఎన్‌సీఈఆర్‌టీ ప్రస్తుత సాధారణ గణిత పుస్తకాల్లో పాఠ్యాంశాలుగా లేవు. ఫలితంగా ఈ అంశాలు ప్రత్యేక శిక్షణ తరగతులకు చేరి, అక్కడ సూత్రాల జాబితాగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. 2022లో పాఠ్యభారం తగ్గింపు పేరుతో పదకొండో తరగతి పుస్తకం నుంచి గణితానుగమనం, గణిత తర్కం అనే రెండు అధ్యాయాలను తొలగించారు. ఒక వాక్యం ఎందుకు నిజమో నిరూపించే పద్ధతిని నేర్పే అధ్యాయాలు అవి. ఎన్‌డీఏ పత్రం నిరూపణను అడగదు; పాఠ్యపుస్తకం దానికిచ్చిన చోటు కుదించుకుపోయింది. ఇద్దరి మధ్యా నిరూపణకు దిక్కులేకుండా పోయింది.

ద్విసంఖ్యామానం మరో ఉదాహరణ. సైబరాబాద్ ఆర్థిక వ్యవస్థ అంతటికీ ఆధారమైన ఈ సంఖ్యారూపం ఎన్‌డీఏ పాఠ్యప్రణాళికలో దశాంశం నుంచి ద్విసంఖ్యకు, ద్విసంఖ్య నుంచి దశాంశానికి మార్చడానికే పరిమితమైంది. గణనక్రమం, సంకేతీకరణ, దోషనిర్ధారణ వంటి ఆలోచనలకు దారితీయగల అంశం యాంత్రిక మార్పిడి అభ్యాసంగా ముగుస్తుంది.

4. 75 సెకన్ల గణితం

గణిత పత్రంలో 120 ప్రశ్నలకు 150 నిమిషాల వ్యవధి ఉంటుంది. అంటే ప్రశ్నకు 75 సెకన్లు. సరైన జవాబుకు 2.5 మార్కులు, తప్పు జవాబుకు అందులో మూడో వంతు కోత. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకుంటే, నాలుగో వంతు అవకాశంతో వచ్చే 2.5 మార్కులూ, మూడు వంతుల అవకాశంతో పోయే 0.83 మార్కులూ సమానమై సగటు లాభం సున్నా అవుతుంది. ఒక ఐచ్ఛికాన్ని నమ్మకంగా తోసిపుచ్చగలిగితే సగటున 0.28 మార్కు లాభం. రెండింటిని తోసిపుచ్చితే అది 0.83కు పెరుగుతుంది. పాక్షిక జ్ఞానానికి విలువ కట్టడమంటే ఇదే. సంభావ్యత అధ్యాయానికి ఇంతకన్నా సజీవమైన ఉదాహరణ దొరకదు. పాఠ్యక్రమం మాత్రం దీన్ని గణితపాఠంగా గుర్తించదు. ఇది పరీక్ష చిట్కాగా చెలామణి అవుతుంది.

రాతపరీక్ష గట్టెక్కిన అభ్యర్థికి సేవల ఎంపిక మండలి వద్ద మరో 900 మార్కుల పరీక్ష ఎదురవుతుంది. అక్కడ గణిత పత్రం లేదు. కానీ బృంద ప్రణాళికా అభ్యాసంలో ఒక ప్రాంతపు నమూనా చూపి, ఒకేసారి తలెత్తిన కొన్ని సమస్యలు, పరిమిత సమయం, కొద్దిపాటి వాహనాలు, మనుషులు ఇచ్చి పరిష్కారం రాయమంటారు. దూరాలు, వేగాలు లెక్కగట్టి, ఏ పనికి ముందు ఎవరిని పంపాలో తేల్చాలి. ఇది శుద్ధమైన అనువర్తిత గణితం. అమెరికా వైమానిక దళపు ప్రణాళికా సమస్యలపై పనిచేస్తూ జార్జ్ డాంట్‌జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని రూపొందించినది ఇటువంటి ప్రశ్నలకే. లీనియర్ ప్రోగ్రామింగ్ సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో ఉంది. అయినా పాఠంలోని లెక్కకూ ఎంపిక మైదానంలోని నమూనాకూ మధ్య వంతెన కట్టే బాధ్యత ఏ పాఠ్యక్రమమూ తీసుకోలేదు.

5. సైబరాబాద్‌తో పోలిక

1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన ఐటీ నడవాలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ప్రాంగణ నియామకాల తొలి మెట్టుగా పెట్టే ఆప్టిట్యూడ్ పరీక్షల్లో కాలం–పని, శాతాలు, నిష్పత్తుల వంటి ప్రశ్నలే అధికం. వాటిని వేగంగా చేసినవాడు లోపలికి వెళ్తాడు. వెళ్లిన తరువాత చేసే పనికి ఆ లెక్కలతో సంబంధం స్వల్పం. సైనిక పాఠశాల ద్వారం, ఐటీ సంస్థ ద్వారం గణితాన్ని జల్లెడగానే వాడుతున్నాయి.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని గౌరవించాలి. లక్షల అభ్యర్థుల నుంచి కొద్దిమందిని ఎంచుకోవాలంటే సిఫార్సుకు లొంగని కొలబద్ద అవసరం. బహుళైచ్ఛిక గణిత పత్రం పల్లె విద్యార్థికి ఇచ్చే రక్షణ చిన్నది కాదు. ఇంటి పేరునూ, ఉచ్చారణనూ అది అడగదు. ఈ వాదన సరైనదే. అయితే అది పరీక్షను సమర్థిస్తుంది, పాఠశాలను కాదు. పరీక్ష 150 నిమిషాలది, ఆరో తరగతిలో చేరిన విద్యార్థికి పాఠశాల ఏడేళ్లది. ఏడేళ్లనూ 150 నిమిషాలకు నమూనాగా మార్చడంలోనే లోపం ఉంది.

6. ముగింపు

పరీక్షా విధానాన్ని మార్చే అధికారం పాఠశాలలకు లేదు. కానీ వాటి చేతిలో ఉన్నవి తక్కువేమీ కావు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు తెలుగు–ఆంగ్ల గణిత పరిభాషను పక్కపక్కనే ఉంచి బోధించవచ్చు. తొలగించిన నిరూపణ అధ్యాయాలను పరీక్షతో నిమిత్తం లేకుండా చెప్పవచ్చు. ప్రణాళికా సమస్యలను పన్నెండో తరగతి వరకు వాయిదా వేయక, వేగం–కాలం పాఠంతోనే మొదలుపెట్టవచ్చు. ఒక్కో జవాబుతోపాటు 'దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు?' అనే ప్రశ్నను అలవాటు చేయవచ్చు. వీటిలో ఏదీ ఎన్‌డీఏ సన్నద్ధతకు అడ్డు కాదు.

ఎన్‌డీఏకు ఎంపిక కాని విద్యార్థుల పరంగా చూస్తే ఈ మార్పుల ఆవశ్యకత మరింత స్పష్టమవుతుంది. జల్లెడగా మాత్రమే నేర్చిన గణితం, జల్లెడ దాటలేనివారికి ఓటమి జ్ఞాపకంగానే మిగులుతుంది. వివేచనగా నేర్చిన గణితం వారు ఏ వృత్తిలోకి వెళ్లినా వెంట ఉంటుంది. సైన్యంలో ఉద్యోగం దక్కని సి.ఆర్. రావుకు ఆయన గణితం మిగిలింది. సైనిక పాఠశాల తన ప్రతి విద్యార్థికీ కనీసం అంత హామీ ఇవ్వగలగాలి.